రూథర్‌ఫర్డు – ఆయన కుర్రవాళ్ళు

పెద్దలూ పిన్నలూ కలిసి పనిచేసే చోటల్లా ఒక ఫిర్యాదు వినవస్తూ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు కుదురు లేదు, పని నేర్చుకొనేదాకా ఉంటారు, నేర్చుకొన్న మరునాడు మరొక చోటు చూసుకొంటారు — అని. ఈ మాట కర్మాగారంలో అంటారు, కచేరీలో అంటారు, మన పాఠశాలల్లో ఉపాధ్యాయుల గదిలోనూ అంటారు. కుర్రవాళ్ళను అడిగితే వారు చెప్పే మాట వేరు. మాకు పని చెప్పేవారున్నారు గాని పని అప్పగించేవారు లేరంటారు.

ఈ తగవు ఈనాటిది కాదు. దీన్ని గూర్చి ఉపదేశాలు చేసినవారు చాలామంది ఉన్నారు. మనం మాత్రం విజ్ఞానశాస్త్ర చరిత్రలోనుంచి ఒక ఉదాహరణ తీసుకొని, దానిని కొంచెం దగ్గరగా పరిశీలిద్దాం. కుర్రవాళ్ళను రప్పించుకోవటంలోనూ, వారిచేత గొప్ప పనులు చేయించటంలోనూ ఎర్నెస్టు రూథర్‌ఫర్డుకు సాటి వచ్చేవారు బహు కొద్దిమంది. ఆయన పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ తెలుసు. బంగారు రేకు, ఆల్ఫా కణాలు, పరమాణు కేంద్రకం — ఇవి పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతులే. కాని ఆ ప్రయోగంలో చీకటిగదిలో కూర్చుండి సూక్ష్మదర్శినిలో మెరుపులు లెక్కపెట్టినవాడు రూథర్‌ఫర్డు కాదనీ, అప్పటికింకా పట్టమైనా పుచ్చుకోని 20 ఏళ్ళ విద్యార్థి అనీ చాలామందికి తెలియదు.

రూథర్‌ఫర్డు మూడు ప్రయోగశాలలను నడిపాడు: 1898 నుంచి 1907 వరకు కెనడాలోని మాంట్రియాలులో, 1919 వరకు ఇంగ్లండులోని మాంచెస్టరులో, ఆ పిమ్మట 1937లో మరణించేవరకు కేంబ్రిడ్జిలోని కావెండిషు ప్రయోగశాలలో. ఈ మూడింటిలో ఆయన వద్ద పనిచేసినవారిలో సాడీ, బోరు, హెవెసీ, హాను, చాడ్విక్కు, బ్లాకెట్టు, కాక్‌క్రాఫ్టు, వాల్టను, కపిట్జా — ఈ తొమ్మిదిమందికీ తరువాత నోబెల్ బహుమానాలు వచ్చాయి. ఈ జాబితా పూర్తిది కాదు కూడా.

ఆయన మొదట తాను ఎలా వచ్చాడో చూడాలి. 1871లో న్యూజీలాండులో పన్నెండుగురు సంతానం గల ఇంట నాలుగవవాడుగా పుట్టాడు. ఇంగ్లండు వెళ్ళటానికి కావలసిన ఉపకారవేతనం మొదట మరొకరికి వచ్చింది. అతడు వద్దనటం చేత ఈయనకు దక్కింది. అంతవరకు కేంబ్రిడ్జిలో పరిశోధన చేయాలంటే అక్కడే చదివి ఉండాలి. 1895లో ఆ కట్టుబాటు సడలించి, ఇతర విశ్వవిద్యాలయాల పట్టభద్రులను కూడా చేర్చుకోసాగారు. అలా వచ్చిన మొదటివారిలో రూథర్‌ఫర్డు ఒకడు. అక్కడి పాతకాపులు కొందరు ఈ బయటివాళ్ళను చిన్నచూపు చూశారు. ప్రయోగశాల అధిపతి జె. జె. థామ్సను మాత్రం అలా చూడలేదు. థామ్సను కూడా ఒకప్పుడు ఆ చూపును ఎరిగినవాడే; 1884లో 28 ఏళ్ళ వయస్సులో ఆయన ఆ పదవికి ఎన్నికైనప్పుడు, ఇంత ప్రయోగశాలను కుర్రవాని చేతిలో పెడతారా అని ముక్కున వేలు వేసుకొన్న పెద్దలున్నారు. ఎక్సు కిరణాలు అప్పుడే బయటపడ్డాయి. వాయువులలో వాటివల్ల కలిగే మార్పులను పరిశోధించటానికి థామ్సను ఈ పరదేశి విద్యార్థిని తనతో సమానంగా కూర్చోబెట్టుకొన్నాడు.

అయినా మూడేళ్ళకు రూథర్‌ఫర్డు కేంబ్రిడ్జి విడిచి వెళ్ళాడు. ఆదరణ ఉంది గాని ఎదుగుదలకు దారి లేదు. బయటినుంచి వచ్చినవానికి కళాశాలలో స్థానం దొరికే అవకాశం కనబడలేదు. మాంట్రియాలులో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆచార్యపదవి ఇస్తానన్నది. అప్పటికి ఆయన వయస్సు 27. కుర్రవాడు ఎందుకు వెళ్ళిపోతాడో రూథర్‌ఫర్డుకు మొదట తన అనుభవం వల్లనే తెలిసింది.

మాంట్రియాలులో ఆయనకు దొరికిన భాగ్యం జాన్ కాక్సు అనే పెద్దమనిషి. భౌతిక శాస్త్ర శాఖకు కాక్సు అధిపతి. కొత్తగా వచ్చిన యువకుడు తనకంటె గొప్ప పరిశోధకుడని ఆయన త్వరలోనే గ్రహించి, అతని పాఠాల బరువు కొంత తన నెత్తిన వేసుకొన్నాడు. 1900లో ఫ్రెడరిక్కు సాడీ అనే 22 ఏళ్ళ రసాయన శాస్త్రజ్ఞుడు అక్కడికి వచ్చాడు. ఇద్దరూ కలిసి రేడియోధార్మిక పదార్థాలలో ఒక మూలకం తనంతతాను మరొక మూలకంగా మారిపోతున్నదని తేల్చారు. ఇది పాతకాలపు పరుసవేది మాటలాగా వినబడింది. ఇట్టి మాటలవల్ల విశ్వవిద్యాలయం నవ్వులపాలు అవుతుందని సహాధ్యాపకులు కొందరు భయపడ్డారు. కాక్సు వారికి ఎదురు నిలిచి యువకుల పక్షాన మాట్లాడాడు. తరువాత రూథర్‌ఫర్డు తన శిష్యులకు చేసినది చాలవరకు కాక్సు తనకు చేసినదే.

అదే ప్రయోగశాలలో హారియెట్టు బ్రూక్సు అనే యువతి ఉండేది. కెనడాలో రూథర్‌ఫర్డు తొలి పరిశోధక శిష్యురాలు ఆమెయే. రేడియోధార్మిక పరమాణువు ఒక కణాన్ని వెడలగొట్టినప్పుడు, తుపాకి వెనక్కు తన్నినట్లు, ఆ పరమాణువు కూడా వెనక్కు తన్నుకొంటుంది. ఈ విషయాన్ని మొదట గమనించినవారిలో ఆమెను లెక్కిస్తారు. 1906లో ఆమె న్యూయార్కులో ఒక స్త్రీల కళాశాలలో పనిచేస్తూండగా పెండ్లి నిశ్చయమైంది. పెండ్లి చేసుకొంటే ఉద్యోగం వదులుకోవాలని కళాశాలవారు చెప్పారు. స్త్రీకి వృత్తి కూడా ధర్మమేనని ఆమె గట్టిగా వాదించింది గాని వారు వినలేదు. ఆ వివాహం ఆగిపోయింది, ఉద్యోగమూ పోయింది. ఆ మరుసటి ఏడు మాంచెస్టరులో ఆమెకు పరిశోధనావేతనం ఇప్పించటానికి రూథర్‌ఫర్డు గట్టి సిఫారసు చేశాడు. ఇంతలో ఆమె మరొకరిని వివాహమాడి భౌతిక శాస్త్రానికి దూరమైంది. గురువు ఒక్కడు మంచివాడైతే సరిపోదు. అతని ప్రయోగశాల గోడల వెలుపల ఉన్న కట్టుబాట్లు కూడా మనుష్యులను తరిమివేస్తాయి.

1907లో రూథర్‌ఫర్డు మాంచెస్టరుకు రావటం వెనుక ఒక అపూర్వమైన త్యాగం ఉంది. అక్కడి భౌతిక శాస్త్రాచార్యుడు ఆర్థరు షూస్టరు. అప్పటికి ఆయన వయస్సు 56. ఇంకా చాలా కాలం పదవిలో ఉండదగినవాడు. తన స్థానంలో రూథర్‌ఫర్డును నియమించేటట్లయితే తాను తప్పుకొంటానని చెప్పి, అలాగే తప్పుకొన్నాడు. అంతేకాక, గణిత భౌతిక శాస్త్రంలో ఒక యువ అధ్యాపకుణ్ణి నిలపటానికి తన సొంత ధనం ఇచ్చాడు. ఆ పదవిలోనే తరువాత నీల్సు బోరు పనిచేశాడు. చిన్నవారికి చోటు లేదని అనుకొనే సంస్థలలో చాలాసార్లు ఖాళీ లేకపోవటం కాదు, కుర్చీలో ఉన్నవారు లేవకపోవటమే కారణం. షూస్టరు పేరు పాఠ్యపుస్తకాలలో తగినంతగా కనబడదు, కనబడవలసిన పేరు.

షూస్టరు దిగవిడిచిన ఆస్తిలో ఒక సుందరమైన ప్రయోగశాలా, హాన్సు గైగరు అనే జర్మను యువకుడూ ఉన్నారు. 1909లో గైగరు ఒకనాడు రూథర్‌ఫర్డు దగ్గరకు వచ్చి, మార్స్‌డెను అనే విద్యార్థికి చిన్న పరిశోధన ఏదైనా ఇస్తే బాగుంటుందన్నాడు. రూథర్‌ఫర్డు కూడా అదే అనుకొంటున్నాడు. ఆల్ఫా కణాలు లోహపు రేకు గుండా దూసుకొనిపోతాయని అప్పటికే తెలుసు. కొద్దికొద్దిగా ప్రక్కకు తొలగుతాయనీ తెలుసు. ఒకటైనా పెద్ద కోణంలో వెనక్కు వస్తుందేమో చూడమన్నాడు. వస్తుందని ఆయనకు నమ్మకం లేదు. మార్స్‌డెను చూశాడు. ఇంచుమించు 8,000 కణాలలో ఒకటి వెనక్కు తిరిగి వస్తున్నది! ఈ విచిత్రానికి అర్థమేమిటో ఆలోచించటానికి రూథర్‌ఫర్డుకు సుమారు రెండేళ్ళు పట్టింది. పరమాణువులోని ధనవిద్యుత్తూ, దాదాపు భారమంతా, నడుమ ఉన్న అతి సూక్ష్మమైన కేంద్రకంలో ఇమిడి ఉండాలని 1911లో ప్రకటించాడు. ఆయన సూత్రం సరియైనదో కాదో చూడటానికి గైగరు, మార్స్‌డెను మళ్ళీ చీకటిగదిలోకి పోయి లక్షకు పైగా మెరుపులను లెక్కించారు.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతి ఒకటుంది. మన కళాశాలల్లో విద్యార్థికి ఇచ్చే ప్రయోగాలన్నీ జవాబు ముందే తెలిసినవి. లోలకంతో గురుత్వ త్వరణం కొలిచే విద్యార్థి 980కి దగ్గరగా రాకపోతే లెక్క మార్చి రావించుకొంటాడు. ఆ రహస్యం మాకూ తెలుసు, వారికీ తెలుసు. మార్స్‌డెనుకు ఇచ్చిన ప్రశ్నకు జవాబు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అతడు చూసినదే జవాబు. 1909లో వెలువడిన ఆ వ్యాసం మీద గైగరు పేరూ మార్స్‌డెను పేరూ ఉన్నాయి. రూథర్‌ఫర్డు పేరు లేదు. ఇది ఒక్కసారి జరిగినది కాదు. ఆలోచన తనదైనా, పరికరాలు తనవైనా, చేతులారా పని చేసినవాని పేరుతోనే వ్యాసం వెలువడటం ఆయన ప్రయోగశాలలో తరచు జరిగేది. ఈనాటికీ ఎన్నో పరిశోధనాలయాలలో కుర్రవాళ్ళు మనస్సు విరిగి వెళ్ళిపోవటానికి పేరు గూర్చిన తగాదాయే కారణమని తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది.

అన్ని పనులూ సఫలం కాలేదు. హంగరీనుంచి వచ్చిన జార్జి హెవెసీకి రూథర్‌ఫర్డు అప్పగించిన పని, ప్రయోగశాలలో గుట్టగా పడిఉన్న సీసంలోనుంచి రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరు చేయమని. హెవెసీ సుమారు రెండేళ్ళు శ్రమపడ్డాడు. వేరు కాలేదు. ఎలా అవుతుంది? రేడియం-డి కూడా సీసమే. పరమాణు భారంలో మాత్రమే తేడా. ఆ సంగతి అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. విసిగిపోవలసిన హెవెసీకి ఒక ఊహ తట్టింది. వేరు చేయటం అసాధ్యమైతే దానినే గుర్తుగా వాడుకోరాదా? మామూలు సీసంలో ఈ పదార్థం కొంచెం కలిపి వదలితే, ఆ సీసం ఎక్కడెక్కడికి పోతున్నదో రేడియోధార్మికత వల్ల పట్టుకోవచ్చు. 1913లో వియన్నాలో పానెత్తుతో కలిసి దీనిని చేసి చూపాడు. ఈనాడు వైద్యశాలలలో శరీరంలోని గ్రంథుల పనితీరు తెలుసుకోవటానికి వాడే రేడియోధార్మిక సూచకాలు ఈ ఓటమిలోనుంచి పుట్టినవే.

1912లో నీల్సు బోరు కేంబ్రిడ్జిలో కొన్ని నెలలు గడిపి, అక్కడ తన మాట ఎవరికీ పట్టకపోగా మాంచెస్టరుకు వచ్చాడు. ఆయన ఉన్నది నాలుగు నెలలు మాత్రమే. మరుసటి ఏడు డెన్మార్కు నుంచి ఉదజని పరమాణువును గూర్చిన వ్యాసం వ్రాసి పంపాడు. వ్యాసం మరీ పొడుగుగా ఉన్నది, కొంత తగ్గిస్తానని రూథర్‌ఫర్డు జాబు వ్రాశాడు. బోరు ఆ జాబు చూసి సముద్రం దాటి స్వయంగా వచ్చి, సాయంకాలాలు కూర్చుండి ఒక్కొక్క వాక్యం కోసం వాదించాడు. 27 ఏళ్ళవాడు నోబెల్ బహుమానం పొందిన ఆచార్యునితో వాదించి నెగ్గాడు. వ్యాసం ఉన్నదున్నట్లుగా అచ్చయింది. ఎలక్ట్రాను ఒక కక్ష్యనుంచి మరొక కక్ష్యకు దుమికేటప్పుడు ఎక్కడ ఆగాలో ముందే ఎలా తెలుసుకొంటుందని రూథర్‌ఫర్డు వేసిన ప్రశ్న మాత్రం చాలా కాలం అందరినీ బాధించింది. శిష్యుని సిద్ధాంతంలోని బలహీనస్థానం పట్టుకొన్నాడు, అయినా దానిని ఆపలేదు.

హెన్రీ మోజ్లీ విషయం వేరు. మోజ్లీ ఎక్సు కిరణాల మీద పనిచేస్తానన్నప్పుడు రూథర్‌ఫర్డు మొదట ఒప్పుకోలేదు. ఆ విద్య ఎరిగినవారు తన ప్రయోగశాలలో లేరన్నాడు. మోజ్లీ లీడ్సులోని బ్రాగ్గు వద్దకు పోయి పద్ధతులు నేర్చుకొని వచ్చాడు. 1913లో మూలకాల ఎక్సు కిరణాలను వరుసగా కొలిచి, మూలకాన్ని గుర్తించవలసినది పరమాణు భారంతో కాదు, పరమాణు సంఖ్యతో అని నిరూపించాడు. 1914లో యుద్ధం వచ్చింది. 1915 ఆగస్టు 10న గల్లిపొలిలో మోజ్లీ చనిపోయాడు. వయస్సు 27. ఇట్టివానిని యుద్ధరంగానికి పంపటం దేశానికి తీరని నష్టమని రూథర్‌ఫర్డు పత్రికాముఖంగా నిరసించాడు.

చాడ్విక్కు కథ కూడా యుద్ధంతో ముడిపడినదే. గైగరు వద్ద పనిచేయటానికి 1913లో బెర్లిను వెళ్ళిన చాడ్విక్కును యుద్ధం మొదలైన తరువాత జర్మనులు నిర్బంధించి, గుర్రపుశాలలో పెట్టారు. నాలుగేళ్ళు అక్కడే ఉన్నాడు. ఆ రోజుల్లో జర్మనీలో థోరియం కలిపిన దంతధావన లేహ్యం ఒకటి అమ్మేవారు. దానితోనే గుర్రపుశాలలో రేడియోధార్మికత ప్రయోగాలు చేశాడంటే అతని పట్టుదల ఎట్టిదో ఊహించవచ్చు. 1918లో చిక్కి శల్యమై, చేతిలో చిల్లిగవ్వ లేకుండా తిరిగి వచ్చాడు. రూథర్‌ఫర్డు పని ఇచ్చి నిలబెట్టి, 1919లో తనతో కేంబ్రిడ్జికి తీసుకొనిపోయాడు.

కావెండిషులో రోజు ఎలా గడిచేదో ఆ కాలంలో పనిచేసినవారు చాలామంది వ్రాశారు. కొత్తగా వచ్చినవానిని పైకప్పు క్రింది అటక మీదికి పంపేవారు. అక్కడ చాడ్విక్కు పర్యవేక్షణలో కొన్ని వారాలు రేడియోధార్మిక పదార్థాలతో వ్యవహరించటం, మెరుపులు లెక్కపెట్టటం నేర్చుకోవాలి. పిమ్మట సొంత సమస్య. రూథర్‌ఫర్డు గదులన్నీ తిరుగుతూ, ఒక్కొక్క బల్ల ప్రక్కన కూర్చుండి ఏమైందని అడిగేవాడు. కంఠం పెద్దది, కోపమూ పెద్దదే, కాని త్వరగా చల్లారేది. మధ్యాహ్నం అందరికీ తేనీరు. సాయంకాలం 6 గంటలకు ప్రయోగశాల మూసివేయవలసిందే. రాత్రిళ్ళు కూడా పనిచేస్తానన్న ఒక విద్యార్థిని, మరి ఆలోచించేది ఎప్పుడని ఆయన అడిగినట్లు ఒక కథ చెబుతారు. పరికరాలకు డబ్బు మాత్రం పిసినారితనంగానే ఇచ్చేవారు. గాజుగొట్టం, లక్క, దారం — వీటితోనే సాధించాలి. చాలాకాలం అది గొప్పగానే ఉండేది.

1921లో రష్యానుంచి ప్యోత్రు కపిట్జా వచ్చాడు. అంతకు కొంతకాలం ముందు అంటువ్యాధులకు తండ్రినీ, భార్యనూ, ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకొన్నవాడు. స్థలం లేదని రూథర్‌ఫర్డు అంటే, మీ ప్రయోగాలలో ఎంత శాతం పొరపాటు వస్తుందని కపిట్జా అడిగాడట. రెండు మూడు శాతం అని జవాబు. మీ వద్ద 30 మంది ఉన్నారు, ఒకడు ఎక్కువైతే ఆ పొరపాటులో కలిసిపోతాడు గదా అన్నాడట! ఇది ఎంతవరకు నిజమో గాని, అతనికి చోటు దొరికింది. అతి బలమైన అయస్కాంత క్షేత్రాలను క్షణంలో వందవ వంతు కాలం మాత్రం సృష్టించటం అతని పద్ధతి. అది కేంద్రక శాస్త్రం కాదు, అందుకు పెద్ద యంత్రాలు కావాలి. అయినా ఈ ఒక్కని విషయంలో రూథర్‌ఫర్డు ధనం సంపాదించి పెట్టాడు. రాయల్ సొసైటీ ఇచ్చిన 15,000 పౌనులతో అతని కోసం ప్రత్యేకంగా ఒక ప్రయోగశాల కట్టించారు. 1933లో దాన్ని తెరిచినప్పుడు గోడమీద ఒక మొసలి బొమ్మ కనబడింది. రూథర్‌ఫర్డుకు కపిట్జా పెట్టిన మారుపేరు మొసలి.

1932వ సంవత్సరం ఈ ప్రయోగశాలకు పండుగ సంవత్సరం. విద్యుత్తు లేని భారమైన కణం ఒకటి ఉండాలని రూథర్‌ఫర్డు 1920లోనే ఊహించాడు. చాడ్విక్కు పన్నెండేళ్ళు అప్పుడప్పుడు వెదుకుతూనే ఉన్నాడు. 1932 ఫిబ్రవరిలో న్యూట్రానును పట్టుకొన్నాడు. వ్యాసం మీద అతని పేరు ఒక్కటే ఉంది. ఆ వసంతంలోనే కాక్‌క్రాఫ్టు, వాల్టను యంత్రం పనిచేసింది. కేంద్రకం చుట్టూ విద్యుద్వికర్షణ ఒక గుట్టలాగా అడ్డు నిలుస్తుంది. ప్రోటాను దానిని ఎక్కి దిగాలంటే కొన్ని పదుల లక్షల వోల్టులు కావాలని అనుకొనేవారు. గుట్ట ఎక్కకుండానే దాని గుండా దూరిపోయే అవకాశం కొద్దిగా ఉన్నదని 1928లో గామో అనే యువకుడు లెక్క వేశాడు. ఆ లెక్క ప్రకారం 3 లక్షల వోల్టులు చాలునని కాక్‌క్రాఫ్టు చూపించగా, రూథర్‌ఫర్డు 1,000 పౌనులు ఇప్పించాడు. 1932 ఏప్రిల్ 14న లిథియం కేంద్రకం ప్రోటానును మింగి రెండు హీలియం కేంద్రకాలుగా చీలిపోయింది. యంత్రం క్రింద ఉన్న చిన్న గూటిలో, అరవై ఏళ్ళు దాటిన స్థూలకాయుడు రూథర్‌ఫర్డు ముడుచుకొని కూర్చుండి ఆ మెరుపులు చూసి, అవి ఆల్ఫా కణాలేనని గుర్తు పట్టాడు. వాటితో ఆయనకు ముప్ఫై ఏళ్ళ పరిచయం!

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే ఇది స్తోత్రపాఠం అవుతుంది. లోపాలు కూడా చూడాలి. సెసీలియా పేను అనే విద్యార్థిని ఆయన ఉపన్యాసాలు వినటానికి వెళ్ళేది. స్త్రీలు ముందువరుసలో విడిగా కూర్చోవాలని నియమం. ఆ తరగతిలో ఉన్న స్త్రీ ఆమె ఒక్కతె. రూథర్‌ఫర్డు ఆమెవైపే చూస్తూ స్త్రీలను వేరుగా సంబోధించి పాఠం మొదలుపెట్టేవాడనీ, కుర్రవాళ్ళంతా చప్పట్లు చరచి గోల చేసేవారనీ ఆమె తరువాత వ్రాసుకొన్నది. ఇంగ్లండులో ఆమెకు బడిపంతులు ఉద్యోగం తప్ప మరొకటి దొరికే సూచన లేకపోగా 1923లో అమెరికా వెళ్ళింది. నక్షత్రాలలో అత్యధికంగా ఉన్నది ఉదజనియే అని 1925లో తేల్చింది ఆమెయే. రూథర్‌ఫర్డుకు అది హాస్యం కావచ్చు. ఆ ముందువరుసలో కూర్చున్న పిల్లకు కాదు.

పండుగ సంవత్సరం తరువాత వెళ్ళిపోవటాలు మొదలైనవి. మేఘపేటికలో 23,000 చిత్రాలు తీసి, నత్రజని పరమాణువు ఆమ్లజనిగా మారటాన్ని ఎనిమిది చిత్రాలలో చూపిన బ్లాకెట్టు 1933లో లండను వెళ్ళాడు. ప్రయోగశాలలో ఒకని మాటే శాసనంగా నడవటం అతనికి సరిపడలేదు. 1934లో వాల్టను స్వదేశమైన ఐర్లండుకు వెళ్ళాడు. ఆ ఏడే వేసవిలో రష్యా వెళ్ళిన కపిట్జాను సోవియటు ప్రభుత్వం తిరిగి రానీయలేదు. రూథర్‌ఫర్డు ఎన్నో విధాల ప్రయత్నించాడు. లాభం లేకపోయేసరికి మరొక పని చేశాడు. శిష్యుడు పరికరాలు లేక అక్కడ ఊరక కూర్చోవటం కంటె, ఆ పరికరాలే అతని దగ్గరకు పోవటం మేలనుకొన్నాడు. 30,000 పౌనులకు వాటిని సోవియటు ప్రభుత్వానికి ఇప్పించి, ఓడకెక్కించాడు. తన ప్రయోగశాలను ఖాళీ చేసి, తిరిగి రాని శిష్యునికి పంపిన ఆచార్యుడు మరొకడు ఉన్నట్లు నేను వినలేదు. ఆ పరికరాలతో మాస్కోలో పని తిరిగి మొదలుపెట్టిన కపిట్జా, ద్రవ హీలియం ఘర్షణ లేకుండా ప్రవహించటాన్ని 1937లో కనుగొన్నాడు. నోబెల్ బహుమానం మాత్రం 1978లో వచ్చింది.

అన్నిటికంటె బాధాకరమైనది చాడ్విక్కు వెళ్ళిపోవటం. అమెరికాలో లారెన్సు 1931లో సైక్లోట్రాను నిర్మించాడు. కణాలను అయస్కాంతక్షేత్రంలో గుండ్రంగా త్రిప్పుతూ, ప్రతి చుట్టులోనూ కొంచెం కొంచెం త్వరితం చేసే యంత్రమిది. ఇక ముందు కేంద్రక పరిశోధన దీనితోనే అని చాడ్విక్కుకు తెలిసిపోయింది. కావెండిషులో కూడా ఒకటి కట్టాలన్నాడు. రూథర్‌ఫర్డు వద్దన్నాడు. ఆయనకు పెద్ద యంత్రాలంటే ఇష్టం లేదు. ధనవంతుల ముందు చేయి చాపటం అంతకంటె ఇష్టం లేదు. లక్కతోనూ దారంతోనూ లోకాన్ని జయించినవానికి, ఆ సాధనాల కాలం చెల్లిందని చెప్పటం ఎవరి తరం? కపిట్జా అడిగితే దొరికినది చాడ్విక్కు అడిగితే దొరకలేదు. బయటినుంచి వచ్చిన చురుకైనవానికి చోటు చేసి, ఇంట్లో పుట్టి పెరిగినవాని కోరికను రేపుచూద్దామనటం మన కుటుంబాలలోనూ ఉన్నదే. 1935లో చాడ్విక్కు లివర్‌పూలు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. గుర్రపుశాలలో కూడా పరిశోధన మానని మనిషి, ఇరవై ఏళ్ళకు పైగా తోడున్న గురువును ఉత్తపుణ్యానికి విడిచిపోడు.

మరుసటి ఏడు, 1936లో, మోటారు కార్ల వ్యాపారి ఆస్టిను ప్రభువు కావెండిషుకు 2,50,000 పౌనులు దానం చేశాడు. అప్పుడు రూథర్‌ఫర్డు సైక్లోట్రానుకు ఒప్పుకొన్నాడు. దానిని కోరినవాడు అప్పటికి అక్కడ లేడు. 1937లో ఒలిఫాంటు కూడా బర్మింగుహాము వెళ్ళాడు. ఆ వెళ్ళినవారంతా ఆచార్యపదవులకే వెళ్ళారు, అది లోపం ఎలా అవుతుందని అడగవచ్చు. బ్లాకెట్టు, ఒలిఫాంటు, వాల్టను ఇంకెక్కడనో కొత్త ప్రయోగశాలలను పెంచారు. అది గురువుకు కీర్తియే. కాని ఎదిగి బయటికి పోవటం వేరు, ఎదగటానికి చోటు లేక బయటికి పోవటం వేరు. చాడ్విక్కుది రెండవది. 1898లో రూథర్‌ఫర్డు తాను కేంబ్రిడ్జి విడిచినప్పటి స్థితి వంటిదే అది.

రూథర్‌ఫర్డు 1937 అక్టోబరు 19న మరణించాడు. 1938 జనవరిలో కలకత్తాలో జరుగనున్న భారత విజ్ఞాన మహాసభ రజతోత్సవానికి ఆయనే అధ్యక్షుడు కావలసి ఉండెను. ఆయన స్థానంలో జేమ్సు జీన్సు వచ్చి అధ్యక్షత వహించాడు.

లివర్‌పూలు చేరిన చాడ్విక్కుకు దొరికిన ప్రయోగశాల పాతది. ఏకాంతర విద్యుత్తు కూడా లేనిది. సైక్లోట్రాను ఖర్చుకు విశ్వవిద్యాలయమూ రాయల్ సొసైటీ ఇచ్చినది చాలకపోతే, తన నోబెల్ బహుమాన ధనంలోనుంచి మిగతాది పెట్టాడు. 1939లో యంత్రం పనిచేయసాగింది. ఆ సంవత్సరాలలో ఆయన వద్దకు వచ్చినవారిలో భీమవరం ప్రాంతంలో పుట్టిన తెలుగువాడు, సన్యాసి అయిన స్వామి జ్ఞానానంద ఒకరు. 1896లో పుట్టిన ఆయన చాడ్విక్కుకు అయిదేళ్ళు మాత్రమే చిన్నవాడు. నలభై ఏళ్ళ సన్యాసిని శిష్యుడుగా చేర్చుకోవటానికి చాడ్విక్కు వయస్సు చూడలేదు, వేషమూ చూడలేదు. ప్రేగులో ఎక్సు కిరణాలపై పనిచేసి వచ్చిన స్వామి లివర్‌పూలులో బీటా కిరణాలను పరిశోధించి, 1950వ దశకంలో వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతిక శాస్త్ర శాఖను నెలకొల్పాడు. అక్కడి కేంద్రక పరిశోధనాశాలకు ఆయన పేరే పెట్టారు.